పద్దెనిమిది

ఫర్వానియాలో బకాలా కింద బేస్‌మెంటు.
నేను పోయింది ఏసీ బాగుచేసేదానికి.
గ్యాసు తక్కువ, ఫిల్టరు నిండా దుమ్ము.
నిచ్చెన మీంచి చూస్తే
ప్లాస్టిక్ బల్లల మీద పద్నాలుగు తలకాయలు
వంగి రాసుకుంటా ఉన్నాయి.

పెదాల మధ్య స్క్రూ పెట్టుకొని ఉన్నా.
ఒక పాప పైకి చూసి అడిగింది:
"అంకుల్, ఏడెనిమిదులు?"
స్క్రూ తీసి, యాభై ఆరు అన్నా.
అంతే.
ఆ ఒక్క జవాబుకు
సోమవారాలు, బుధవారాలు చేతులు మారినాయి.

ఈ బడి కాని బడి ఎస్తేరమ్మది.
రాత్రి డ్యూటీ నర్సు, పగటి నిద్ర కళ్ళలోనే ఉంటుంది.
జీతం లేదంది. టీ ఉందంది.
పది తప్పినోన్ని మేడమ్, అన్నా.
ఏ సబ్జెక్టు?
హిందీ.
లెక్కలు కాదు కదా, అని చాక్‌పీసు చేతిలో పెట్టింది.

ఐదున్నరకు దిగుతారు వ్యానులోంచి, బూట్లలో ఇసకతో.
రుఖియాకు తెలుగు గలగలా వచ్చు, అక్షరం మాత్రం రాదు.
మిన్నా ఈజిప్టు పాప. నాకు అరబ్బీ నేర్పిస్తుంది,
నేను తప్పు పలికితే స్కేలుతో బల్ల మీద ఒకటేస్తుంది.
నా చేతులు కాయిల్ మందు వాసనొస్తాయని
పుస్తకాన్ని కొసన పట్టుకుంటా.

ఆ సోమవారం ఐదో తరగతికి హోంవర్కు:
మీ ఇంటి పటం గీయండి, వైశాల్యం కనుక్కోండి.
యోనా గీయడం లేదు.
పెన్సిలు చెక్కినాడు. మళ్ళీ చెక్కినాడు.
ఏమప్పా?
"మాది ఇల్లు కాదు అంకుల్. హాల్లో సగం.
మధ్యలో పరదా.
పరదాను గోడ అని వేసుకోవచ్చా?"

పుస్తకం వెనక జవాబుల్లో ఇది లేదు.
వేసుకో అన్నా.
గీతకు మందం ఉండదు గదా.
టూల్‌బ్యాగులోంచి టేపు తీసిచ్చినా.

బుధవారం కొలతలతో వచ్చినాడు.
పదకొండు తొమ్మిదులు తొంభై తొమ్మిది చదరపు అడుగులు.
మంచం కిందకి దూరి కూడా కొలిచినాడంట,
చెల్లెలు టేపు రెండో కొస పట్టుకొనిందంట.
పరదా మాత్రం ఊగుతానే ఉందంట.

"మరి నీది ఎంత అంకుల్?"

నాది గది కాదు నాయనా, మంచం.
అబ్బాసియాలో ఆరుమంది గదిలో కింది మంచం.
పొడుగు ఆరు, వెడల్పు మూడు.
నవ్వలేదు వాడు, రాసుకున్నాడు.
ఆరు మూళ్ళు పద్దెనిమిది.
చుట్టుకొలత: ఆరూ మూడూ తొమ్మిది, ఇంకో తొమ్మిది...
పెన్సిలు ఆగిపోయింది.
"అంకుల్! లోపలా పద్దెనిమిదే, చుట్టూ పద్దెనిమిదే!"

పదకొండేండ్లుగా పడుకుంటున్నా దాని మీద.
నాకు తెలీదు.

బల్లలు జరిగినాయి. అందరూ మంచాలు గీస్తున్నారు.
ఐదైదులు కుదరలేదు. రెండు తొమ్మిదులు కుదరలేదు.
మిన్నా నాలుగు నాలుగులు పట్టుకొనింది,
పదహారు, పదహారు!
నాలుగడుగుల మంచంలో ఎవరు పడుకుంటారని రుఖియా కొట్లాట.

ఎస్తేరమ్మ గ్లాసులు కడిగి వచ్చి చూసింది.
"అడుగులు వేరు, చదరపు అడుగులు వేరు.
అంకె ఒకటైతే సమానం అని రాయకూడదు.
మార్కులు పోతాయి."
యోనా మొహం చిన్నబోయింది.
నాకేదో అందామని నోటిదాకా వచ్చింది.
ఆమె చెప్పింది సరైనదే మరి.
రబ్బరు అందించినా.

ఆ రాత్రి లైటు ఆర్పినాక
పై మంచం ఆయన అటు తిరిగినాడు, ఇనుము కిర్రుమనింది.
వేరే, అనుకున్నా.
కాలు చాపేది వేరు,
ఆ కాలికి గోడ తగిలేది వేరు.
రెంటికీ ఒకే అంకె రావడం
లెక్క తప్పు కాదు, మంచం తప్పు.

టేపు యోనా దగ్గరే ఉండిపోయింది.
మెట్లు, లిఫ్టు, బకాలా ముందర ఫుట్‌పాత్
అన్నీ కొలుస్తున్నాడంట.
ఫోర్‌మన్ రోజూ అడుగుతున్నాడు, ఏదిరా టేపు అని.
పోయింది సార్, అంటున్నా.

సోమవారం భిన్నాలంట.
ఇప్పటినుంచే చూసుకోవాల.